పక్కన ఏం పెడతావు?

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్ములుకి,


నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. బొత్తాలు, పగిలిన గాజులు, గవ్వలు, గురివింద గింజలు, తాళంచెవులు, పాత గడియారం లోపలి పళ్ళచక్రాలు... హాస్టల్లో మంచం కింద ఇన్ని దాచావన్నమాట! “ఇదంతా చెత్తేనా, వీటితో ఏమైనా చెయ్యొచ్చా అత్తా?” అని అడిగావు. చెయ్యొచ్చు. కానీ ఎన్ని పోగుచేసినా అది సేకరణే. ఒక వస్తువు పక్కన ఇంకొకటి పెట్టగానే రెండూ మారిపోతాయి చూడు, నీ పని అక్కడ మొదలవుతుంది.

ఇది నీకు తెలియనిది కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్లన్నీ పెద్దవాళ్ళవి, పద్ధతిగా ఉంటాయి. నాకు మాత్రం కింద నేలమీద పిల్లలు పేర్చే ఊరే ఇష్టం. ఇసుకలో అద్దం ముక్క పెట్టి, చుట్టూ ఆవాలు చల్లి మొలిపిస్తే అది చెరువు. అద్దాన్ని మనం కొయ్యలేదు, రంగు వెయ్యలేదు. పక్కన పచ్చదనం పెట్టాం, అంతే.

అమెరికాలో జోసెఫ్ కార్నెల్ అనే ఆయన జీవితమంతా ఈ పనే చేశాడు. 1903లో పుట్టాడు. చిత్రకళ ఎక్కడా చదువుకోలేదు, బట్టల వ్యాపారంలో సేల్స్‌మన్ ఉద్యోగం. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే చోట తల్లితో, సెరిబ్రల్ పాల్సీ ఉన్న తమ్ముడితో కలిసి ఉండేవాడు. మన్‌హాటన్‌లో పాత పుస్తకాల కొట్లు, చవక సామాన్ల దుకాణాలు తిరిగి తెచ్చుకున్నవన్నీ ఇంటి నేలమాళిగలో డబ్బాలకు పేర్లు రాసి విడివిడిగా దాచుకునేవాడు. 1936లో చేసిన ఒక పెట్టెలో చంద్రుడి పటం, సబ్బు బుడగలూదే మట్టి గొట్టం, చిన్న గాజు గ్లాసులో గుడ్డు, బొమ్మ తల ఉంటాయి. చంద్రుడి పక్కన ఉన్నందుకు ఆ గుడ్డు కూడా ఓ గ్రహంలా కనిపిస్తుంది. యూరప్ ఎప్పుడూ వెళ్ళని మనిషి అక్కడి హోటళ్ళ పేర్లతో ఎన్నో పెట్టెలు చేశాడు. 1972లో, చనిపోయిన ఏడాదే, పిల్లల కోసం ప్రదర్శన పెడితే పెట్టెలన్నీ వాళ్ళ కళ్ళకు అందే ఎత్తులో ఉంచారట. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సంతోషం.

మన దేశంలో నేక్ చంద్ అనే ఆయన ఉండేవారు. దేశ విభజనప్పుడు ఇటు వచ్చిన కుటుంబం, చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. కొత్త నగరం కోసం పడగొట్టిన ఊళ్ళ శిథిలాల్లోంచి పింగాణీ ముక్కలు, గాజులు, వాగుల్లోంచి రాళ్ళు సైకిల్ మీద మోసుకొచ్చి, అడవిలో ఎవరికీ తెలియకుండా శిల్పాలు పేర్చారు. అధికారులకు తెలిసేసరికి ఏళ్ళు గడిచాయి. 1976లో దాన్ని రాక్ గార్డెన్‌గా జనానికి తెరిచారు. గాజుముక్కల చీరలు కట్టిన ఆడవాళ్ళు అక్కడ బారులు తీరి ఉంటారు. ఒక్క బొమ్మే అయితే ముచ్చటగా ఉందని చూసి వెళ్ళిపోతాం. అంతమంది ఒక్కచోట నిలబడితే పోయిన ఊళ్ళు మళ్ళీ లేచి వచ్చినట్టుంటుంది.

ఇక నీ ఫొటోల సంగతి. గాజుముక్కల్ని రంగులవారీగా పేర్చిన ఫొటో అందంగానే ఉంది, అయితే గాజుల కొట్టు అద్దాల బీరువాలా ఉంది. ఆకుపచ్చ ముక్కల మధ్య తుప్పుపట్టిన తాళంచెవి పడి ఉన్న ఫొటో ఉంది చూశావా? నువ్వు కావాలని పెట్టలేదేమో గానీ, నా చూపు అక్కడే ఆగింది. ఎవరి తాళం, ఎవరి గాజులు అని అడగాలనిపించింది. దాన్ని పట్టుకో. ఇంకా జిగురు ముట్టుకోకు. నల్లగుడ్డ పరిచి దానిమీద పేర్చు, పైనుంచి ఫొటో తీసుకో, మర్నాడు ఒక్క వస్తువు మార్చు. ఆ తర్వాత ఒకటి తీసెయ్. అన్నీ పెట్టెయ్యాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది, తీసెయ్యడమే కష్టం. తీసేసిన చోటును వెంటనే నింపకు. ఆ ఖాళీ మిగిలినవాటికి పనికొస్తుందో లేదో కొన్నాళ్ళు చూడు.

గవ్వల్ని మంచినీళ్ళలో నానబెట్టి ఉప్పు పోయేదాకా కడుగు. గింజలు బాగా ఎండితే గానీ పెట్టెలో పెట్టకు, పురుగు పడుతుంది. గురివింద గింజలకు మాత్రం బెజ్జం వెయ్యొద్దు, లోపలి పప్పు విషం. చిన్నపిల్లల చేతికి అందనివ్వకు. గాజును లోహానికి అతికించడానికి ఫెవికాల్ సరిపోదు, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు కొనుక్కో. కాగితం పెడితే కిటికీ ఎండ తగలనివ్వకు.

పెట్టె నేను చేయిస్తాను. ఇక్కడి వడ్రంగి పాత టేకు ముక్కలున్నాయన్నాడు. పొడవు, వెడల్పు నువ్వు రాయి. లోతు మూడంగుళాలు చాలు, అంతకు మించితే వెనక వస్తువులు నీడలో పడతాయి. ముందు అద్దం తలుపు ఉండాలా, తెరిచే ఉంచాలా అన్నది కూడా తేల్చి రాయి. నువ్వు మాత్రం పోగుచేసినవేవీ పారెయ్యకు.

ప్రేమతో,
అత్తయ్య