అప్‌గ్రేడ్ అయింది సరే, తెలుగు ఏమైంది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. దాంతో హాస్టల్లో చాలా ల్యాప్‌టాప్‌లు విండోస్ 11లోకి మారాయి. కొన్ని మాత్రం టీపీఎం 2.0 లేదనో, ప్రాసెసర్ పాతదనో గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. మారినవాళ్ల గోడు మెస్‌లో రోజూ వింటున్నదే. స్టార్ట్ బటన్ మధ్యలోకి జరిగిందని ఒకరు, రైట్ క్లిక్ కొడితే కావాల్సింది ఇంకో మెనూ వెనక దాక్కుంటోందని ఇంకొకరు. ఇవన్నీ వారం రోజుల్లో చెయ్యి అలవాటు పడిపోయే సంగతులు, వదిలేద్దాం.

మన క్లబ్‌కి వచ్చిన ఫిర్యాదు వేరే. "అప్‌గ్రేడ్ చేశాక నా తెలుగు ఫైల్ పాడైపోయింది" అని ముగ్గురు చెప్పారు. ముగ్గురిదీ ఒకటే వాక్యం, చూస్తే మూడు వేర్వేరు జబ్బులు. ఒకరి ఫైల్లో పేజీలు పెరిగిపోయాయి. ఒకరికి వత్తులు విడిపోయి పక్కన కూర్చున్నాయి. మూడోవాళ్లకి తెలుగే లేదు, అంతా ఇంగ్లీష్ అక్షరాల గజిబిజి. నిజానికి ఆ మూడింటిలో ఒక్క ఫైలూ పాడవలేదు. ఆ సంగతి తెలియక ఫైల్ డిలీట్ చేసేస్తే మాత్రం పోయేది నిజంగానే పోతుంది. అందుకే ఈ పాఠం.

పాత అచ్చు యంత్రాల రోజులు ఊహించుకోండి. కవి రాసిచ్చిన రాతప్రతి ఒకటి, ప్రెస్‌లో అరల నిండా సీసపు టైపు ఒకటి, ఆ ప్రతి చూస్తూ టైపు ఏరి పేర్చే కంపోజిటర్ ఒకడు. కంప్యూటర్‌లో తెలుగు కూడా ఇంతే. ఫైల్లో ఉండేది అంకెలు, అదే రాతప్రతి. ఫాంటు సీసపు టైపు. అంకెల్ని చూసి ఏ వత్తు ఎక్కడ వేలాడాలో తేల్చే షేపింగ్ ఇంజన్ కంపోజిటర్. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా చోటిచ్చారు. క అంటే 3093. క్ష అని మనం ఒక్క అక్షరంలా చూసేది ఫైల్లో మూడు అంకెలు: 3093, 3149, 3127. అంటే క, పొల్లు, ష. వాటిని కలిపి క్ష చేసే పని కంపోజిటర్‌ది. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు సాధారణంగా మారేది టైపు, కంపోజిటర్. రాతప్రతి మారదు.

కంపోజిటర్ సరిగ్గా లేకపోతే ఏమవుతుందో మన సీనియర్లకి సీనియర్లు చూశారు. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబర్‌లో వచ్చింది, అప్పటికి మనలో చాలామంది పుట్టలేదు. తెలుగు కోసం గౌతమి ఫాంటు అందులోనే వచ్చింది. కానీ కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, సంక్లిష్ట లిపులకి ఫైళ్లు కావాలని ఒక టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ డ్రైవ్‌లో వేస్తే తప్ప అక్షరాలు కుదురుగా కూర్చునేవి కావు. సరుకు ఉంది, పేర్చేవాడు నిద్రపోతున్నాడు! 2007లో విస్టా వచ్చాక ఆ టిక్ అవసరం తప్పింది. విస్టాని లోకమంతా తిట్టుకుంది గానీ, తెలుగు చదువరికి అది మంచి అప్‌గ్రేడే అంటాను.

కంపోజిటర్ తడబడితే ఎంత దూరం వెళ్తుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లకి ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే ఆ యాప్ కుప్పకూలేది. అది నోటిఫికేషన్‌లో కనిపిస్తే హోమ్ స్క్రీనే పడిపోయి లేచి మళ్లీ పడేది. చూడ్డానికి ఆ అక్షరం జ్ఞా. జ్ఞానం రాసినవాళ్లందరి ఫోన్లూ పోయాయా అంటే, లేదు. మామూలు జ్ఞా వల్ల ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ఒక గుర్తు దూరింది. దాని అంకె 8204. ఆ గుర్తు దొంగదేం కాదు, మనం రోజూ వాడేదే. 'సాఫ్ట్వేర్' కాకుండా 'సాఫ్ట్‌వేర్' అని విడిగా కనిపించడానికి ట్ తర్వాత పెట్టేది దాన్నే. అది ఉండకూడని చోట ఉంటే ఏం చేయాలో ఆ ఇంజన్‌కి తోచలేదు. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి ఆపిల్ సరిచేసింది, మ్యాక్‌లకీ అదే రోజు సవరణ వచ్చింది. అప్పట్లో పేపర్లు 'ప్రాణాంతక తెలుగు అక్షరం' ధోరణిలో రాశాయి. తప్పు అక్షరానిది కాదు కదా!

ఇప్పుడు పేజీలు పెరిగిన ఫైల్ సంగతి. విండోస్ 7లో గౌతమి, వాణి రెండూ సిస్టమ్‌తోనే ఉండేవి. విండోస్ 8లో నిర్మలా యూఐ వచ్చింది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అనే ఐచ్ఛిక సరుకైపోయాయి. కావాలంటే దించుకోవాలి, లేకపోతే ఉండవు. గౌతమిలో కూర్చిన ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరిస్తే, ఆ ఫాంటు దొరక్క వర్డ్ మరో తెలుగు ఫాంటు తెచ్చి అతికిస్తుంది. అక్షరం వెడల్పు వేరు, వరుసల మధ్య ఎడం వేరు. విషయసూచికలో పేజీ నంబర్లు తప్పుతాయి, బొమ్మ ఒక చోట, దాని వివరం ఇంకో చోట పడతాయి. మందు సులువు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి ఆ ఫాంట్లు ఎక్కించాలి, లేదా తెలుగుని ఒక భాషగా జోడిస్తే అవే దిగుతాయి.

మూడో జబ్బు అసలు జబ్బు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, మన డీటీపీ సెంటర్లు వేరే రకం ఫాంట్లు వాడాయి. ఇంగ్లీష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లు అవి. అంటే ఇక్కడ రాతప్రతే తెలుగులో లేదు. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు, ఫాంటు పోతే గజిబిజి.

మా జూనియర్ ఒకడి దగ్గరున్నది అలాంటి ఫైలే. వాళ్ల తాతగారు రాసిన పద్యాలు, ఎప్పుడో వాళ్ల ఊళ్లో టైపు చేయించినవి. తాతగారు లేరు, పుస్తకం అచ్చు కాలేదు, చేతిరాత నోటు పుస్తకం చెదల పాలైంది. మిగిలింది ఆ వర్డ్ ఫైల్ ఒక్కటే. ఇంట్లో పాత కంప్యూటర్‌ని రిపేరు షాపుకిస్తే ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసిచ్చారు. ఫైల్ పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉంది, ఫాంటు మాత్రం డిస్క్‌తో పాటు తుడిచిపెట్టుకుపోయింది. వాళ్లమ్మగారు ఆ గజిబిజి చూసి వైరస్ అనుకున్నారట.

ఆ ఫాంటు ఉన్న మెషీన్ ఒకటి వెతికి పట్టుకోవడమే మొదటి పని. దానిలో తెరిచి ముందు పీడీఎఫ్ తీశాం. కళ్లతో చదువుకోవడానికి అది చాలు గానీ, అందులోంచి కాపీ చేస్తే మళ్లీ గజిబిజే వస్తుంది. కాబట్టి ఆ తర్వాత యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాం. కన్వర్టర్లు వత్తుల దగ్గర తప్పులు చేస్తాయి, కొన్నిసార్లు వత్తుని మింగేస్తాయి. స్పెల్ చెక్‌కి అది దొరకదు, ఎందుకంటే మిగిలింది కూడా మంచి మాటే కావచ్చు. 'పద్యము'లో యవత్తు పోతే 'పదము' అవుతుంది, అదీ నిఘంటువులో ఉన్న మాటే.

అక్కడ పనికొచ్చింది ఛందస్సు. పద్యము అంటే గురువు, లఘువు, లఘువు, భగణం. పదము అంటే మూడూ లఘువులే, నగణం. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ వరుస. వత్తు మాయమైతే దాని ముందు అక్షరం తరచూ గురువు కాస్తా లఘువైపోతుంది, గణం తప్పుతుంది, తప్పు ఏ పాదంలో ఉందో తెలిసిపోతుంది. నెట్‌వర్క్స్ క్లాసులో చెప్పే చెక్‌సమ్ ఇదే కదా, మన పూర్వీకులు పద్యంలోనే కట్టి పంపారు! అయితే చెక్‌సమ్‌కి లాగే దీనికీ పరిమితి ఉంది. ద బదులు ధ పడితే గణం చెడదు. అక్కడ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదవడమే దిక్కు. సగానికి పైగా పద్యాలు అయ్యాయి, గణాలు కట్టడం వచ్చినవాళ్లు ఎవరైనా సాయానికి రావచ్చు.

అప్‌గ్రేడ్ అంటే పోగొట్టుకోవడమే అనుకోకండి. 2021లో యూనికోడ్ 14.0లో మన నకారపొల్లు చేరింది, పాత పుస్తకాల్లో పదం చివర కనిపించే న్ రూపం. ఇదిగో: ౝ. మీకు ఇక్కడ డబ్బా కనిపిస్తే మీ సిస్టమ్‌లోని ఫాంట్లకి అది ఇంకా తెలియదన్నమాట. ఈ డబ్బా అక్షరంగా మారేది కూడా అప్‌గ్రేడ్‌తోనే.

టైపింగ్ గురించి రెండు ముక్కలు. 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు సిస్టమ్‌లోనే ఉంది, బయటి టూల్ పని చేయడం లేదని కూర్చోనక్కర్లేదు. నన్నడిగితే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ ఏది మారినా వేళ్లకి అదే దారి.

ఇక మీరు అప్‌గ్రేడ్ చేయబోతుంటే, ముందురోజు ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తెలుగు ఫైళ్లు ఒక్కొక్కటి తెరిచి ఏ ఫాంటులో ఉన్నాయో పేరు రాసుకోండి, ఒక పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోండి. కొత్తగా రాసేవి మండలి, సూరన్న, గిడుగు లాంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లలో కూరిస్తే ఫైల్‌తో పాటు ఫాంటునీ నిశ్చింతగా పంచుకోవచ్చు. షాపులో ఇస్తుంటే "ఫార్మాట్ చేయొద్దు, అప్‌గ్రేడ్ చేయండి" అని విడమర్చి చెప్పండి. అలా చేసినప్పుడు పాత సిస్టమ్ విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో 10 రోజులు ఉంటుంది. వెనక్కి వెళ్లాలన్నా, మర్చిపోయిన ఫాంటు తెచ్చుకోవాలన్నా ఆ 10 రోజుల్లోపే చూసుకోవాలి.