తెరుచుకోని పీఎస్‌టీ ఫైలు: మార్కాపురం పలకల కొట్టు నుంచి ఒక పాఠం

మార్కాపురంలో పలకరాయి ఎగుమతి చేసే ఒక సంస్థను ఊహించుకోండి. విదేశీ కొనుగోలుదారులతో నడిచిన ఉత్తరాలన్నీ పాత కంప్యూటర్‌లో ఔట్‌లుక్ ఫైలుగా ఉన్నాయి. రాయి రంగు చూపే ఫొటోలు, కొలతలు, బిల్లులు అందులోనే ఉన్నాయి. కంప్యూటర్ మార్చి, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కొత్తదాంట్లో పెడితే తెరుచుకోవడం లేదు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం నుంచి గ్రూప్‌-2 కంప్యూటర్ ప్రావీణ్య పరీక్షకు, సచివాలయాల డిజిటల్ అసిస్టెంట్ పోస్టులకు చదివేవారు ఈ ఒక్క సమస్యను బాగా పట్టుకోవాలి. ఫైల్ ఫార్మాట్, డిస్క్ పరిమితులు, యూనికోడ్, సాక్ష్య చట్టం నాలుగూ ఇక్కడ కలుస్తాయి. చాలామంది ‘ఫైలు కరప్ట్ అయింది, రిపేర్ టూల్ నడపాలి’ అని ఒక్క వాక్యంతో జవాబు ముగిస్తారు. తెరుచుకోని ప్రతి ఫైలూ పాడైనది కాదు. కారణం తేల్చాకే మందు.

ముందు ఏ ఫైలో తేల్చుకోవాలి

పీఎస్‌టీ అంటే పర్సనల్ స్టోరేజ్ టేబుల్. మెయిళ్లు, కాంటాక్టులు, క్యాలెండర్ అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. దీన్ని వేరే కంప్యూటర్‌లోనూ తెరవవచ్చు. ఓఎస్‌టీ అలా కాదు. అది సర్వర్‌లోని మెయిల్‌బాక్స్‌కు నకలు, ఏ ఖాతా కోసం తయారైందో ఆ ప్రొఫైల్‌తోనే పనిచేస్తుంది. ఖాతా సర్వర్‌లో ఉన్నంతకాలం ఓఎస్‌టీ పోయినా మళ్లీ తయారవుతుంది కాబట్టి దాని కోసం కంగారు అక్కర్లేదు. ఎంబాక్స్ అనేది సాదా టెక్స్ట్ ఫైలు. గూగుల్ టేక్‌అవుట్ నుంచి జీమెయిల్ దింపుకుంటే వచ్చేది ఇదే. దీన్ని ఔట్‌లుక్ నేరుగా తెరవదు, థండర్‌బర్డ్ లాంటివి కావాలి.

పేరు చివర పీఎస్‌టీ అని ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. అసలైన పీఎస్‌టీ ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి నాలుగు బైట్లు ‘!బీడీఎన్’ అనే అక్షరాలుగా కనిపిస్తాయి. అక్కడ వరుసగా సున్నాలే ఉంటే కాపీ సరిగా జరగలేదని అనుమానించాలి. పాత డిస్క్ ఇంకా చేతిలో ఉంటే మళ్లీ అక్కడి నుంచే తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచి దారి.

2, 4, 20, 50: గుర్తుంచుకోవాల్సిన అంకెలు

ఔట్‌లుక్ 2002 వరకు వాడిన ఆన్సీ ఫార్మాట్ పీఎస్‌టీకి హద్దు 2 జీబీ. ఔట్‌లుక్ 2003తో యూనికోడ్ ఫార్మాట్ వచ్చి, సాధారణ పరిమితి 20 జీబీ అయింది. ఔట్‌లుక్ 2010 నుంచి అది 50 జీబీ. పలకరాయి ఫొటోలు రోజూ వచ్చే కొట్టులో పాత ఫైలు 2 జీబీకి చేరడం పెద్ద విషయం కాదు. హద్దు దాటిన ఆన్సీ ఫైలు తెరుచుకోదు. అదనపు భాగాన్ని కత్తిరించే సాధనాన్ని మైక్రోసాఫ్ట్ ఇచ్చింది గానీ, దాంతో కొంత డేటా పోతుంది.

4 అనే అంకె పెన్‌డ్రైవ్‌ది. ఫ్యాట్‌32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఒకే ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చాలి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవి పోతాయి కనుక ముందే వేరే చోట దాచుకోవాలి. పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా లాగేసినా ఫైలు సగంలో ఆగిపోవచ్చు. రెండు కంప్యూటర్లలోనూ ఫైలుపై రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పరిమాణాన్ని బైట్ల వరకు పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా అది అసలు నకలు కాదు.

ఫైలు బాగానే ఉన్నా తలుపు మూసి ఉంటే

చదవడానికే అయినా పీఎస్‌టీలో రాసే హక్కు ఔట్‌లుక్‌కు కావాలి. సీడీలో దాచిన ఫైలును అక్కడి నుంచే తెరవబోతే, ‘రీడ్ ఓన్లీ’ గుర్తు ఉంటే, ఫోల్డర్‌పై మీ ఖాతాకు అనుమతి లేకపోతే ‘యాక్సెస్ డినైడ్’ అంటుంది. హార్డ్‌డిస్క్‌లోకి తెచ్చి ఆ గుర్తు తీసేస్తే చాలాసార్లు పని అయిపోతుంది. నెట్‌వర్క్ షేర్‌లో పెట్టిన పీఎస్‌టీని ఇద్దరు తెరవబోయినా చిక్కే.

స్కాన్‌పీఎస్‌టీ వాడే తీరు

రాస్తుండగా కరెంటు పోవడం, ఔట్‌లుక్‌ను బలవంతంగా మూసేయడం, డిస్క్‌లో చెడ్డ సెక్టార్లు. నిజంగా పాడవడానికి మామూలు కారణాలు ఇవి. ఔట్‌లుక్‌తో పాటు వచ్చే ఇన్‌బాక్స్ రిపేర్ టూల్ పేరే స్కాన్‌పీఎస్‌టీ. ఆఫీస్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో ఉంటుంది. ఔట్‌లుక్ మూసి, ఫైలు ఎంచుకుని, స్టార్ట్ నొక్కాలి. తప్పులు దొరికితే రిపేర్. ఒక్కసారితో శుభ్రం కాకపోతే మళ్లీ నడపాలి. చోటు తప్పిన మెయిళ్లను ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ ఫోల్డర్‌లో పెడుతుంది. ఈ సాధనం మీరిచ్చిన ఫైలులోనే మార్పులు చేస్తుంది. అందుకే రిపేర్ నకలు మీద చేయాలి, అసలును ముట్టుకోకూడదు. పరీక్షలో ఈ ఒక్క మాట రాయనివారికి మార్కులు తగ్గడం న్యాయమే.

తెరుచుకుంది, కానీ తెలుగు ప్రశ్నార్థకాలైంది

విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్‌పేజీ లేదు. కాబట్టి ఆన్సీ పీఎస్‌టీలో తెలుగు ఫోల్డర్ పేరు, సబ్జెక్టు పెడితే వరుసగా ‘????’ మిగులుతాయి. కొత్త యూనికోడ్ పీఎస్‌టీ సృష్టించి మెయిళ్లను అందులోకి మార్చితే ఇకమీది తెలుగు నిలుస్తుంది. అప్పటికే ప్రశ్నార్థకాలైనవి తిరిగిరావు. డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాత ఉత్తరాల సంగతి వేరు. అక్కడ అర్థంలేని ఆంగ్ల అక్షరాలు కనిపిస్తాయి, ఆ ఫాంట్ వేస్తే చదవగలం.

చట్టం ఏమంటుంది

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఐటీ చట్టం–2000లో 4వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టబద్ధత ఇస్తుంది, 7వ సెక్షన్ దాన్ని భద్రపరచడం గురించి చెబుతుంది. కోర్టులో మెయిల్‌ను సాక్ష్యంగా పెట్టడానికి గతంలో సాక్ష్య చట్టం 65బి ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ వచ్చింది. ఈ సెక్షన్ అడిగే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకే అసలు ఫైలు హ్యాష్‌ను రిపేరుకు ముందే తీసుకోవాలి. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో అది వస్తుంది.

నమూనా ప్రశ్న

‘6 జీబీ పీఎస్‌టీ ఫైలును ఫ్యాట్‌32 పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే కుదరలేదు. కారణం?’ ఐచ్ఛికాల్లో ‘ఫైలు కరప్ట్ అయింది’, ‘ఔట్‌లుక్ పరిమితి దాటింది’ అని ఊరిస్తారు. 6 జీబీ యూనికోడ్ పీఎస్‌టీకి తక్కువే. జవాబు ఫైల్ సిస్టమ్ పరిమితి.