డాబా మీద సున్నం

ఖమ్మం, మే నెల

చిట్టీ,

మున్సిపల్ ఆఫీసులో నువ్వు కుర్చీలో కూర్చున్న ఫొటోను అమ్మ పక్కింటివాళ్లకీ ఎదురింటివాళ్లకీ చూపించి, చివరికి పాలు పోసే అతనికి కూడా చూపించింది. నాకు మాత్రం నీ కళ్ల కింది నలుపే కనబడింది. వేళకు తింటున్నావా బిడ్డా? మజ్జిగ సీసా పట్టుకెళ్తున్నావా?

మొన్న ఫోన్లో "కూల్ రూఫ్ పని కూడా మా టౌన్ ప్లానింగ్ వాళ్లే చూడాలి నాన్నా" అన్నావు చూడు, ఆ మాట వినగానే మీ నానమ్మ గుర్తొచ్చింది. ఉగాది వెళ్లిన వారంలోనే రాతిసున్నం కుండలో నానేసి, అది బుసబుస పొంగి చల్లారాక పాత ధోవతిలో వడగట్టి, ఇంత బంక కలిపి, నన్ను నిచ్చెన ఎక్కించి డాబా అంతా పూయించేది. ఒక పూత ఆరాక రెండోది, అదీ ఆరితే గానీ కిందికి దిగనిచ్చేది కాదు. ఆ మర్నాడు మధ్యాహ్నం గచ్చు మీద పడుకుంటే ఒంటికి తేడా తెలిసేది. తెల్లటి కప్పు ఎండను లోపలికి దిగనీయదని ఆమె ఏ బడిలోనూ చదువుకోలేదు.

2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ విధానం సారమూ అదే కదా. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు, అందులో 200 ఒక్క హైదరాబాద్‌లోనే, ఎండను తిప్పికొట్టేలా చెయ్యాలన్నారు. ఇంట్లో వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుందంటారు. ఇల్లు చల్లబడితే ఏసీ తక్కువ తిరుగుతుంది, ఏసీ తగ్గితే పాల్వంచలో కాలే బొగ్గూ తగ్గుతుంది.

మా ఊళ్లో గుడిసె కప్పు ఎత్తేటప్పుడు నాలుగు మూలలా మనుషులు నిలబడి ఒక్కసారే లేపేవాళ్లు, ఒక్కడు చెయ్యి వదిలినా కప్పు పక్కకు ఒరిగేది. నీ పని కూడా అలాంటిదే తల్లీ. ఢిల్లీలో 2001లో ఇంధన పొదుపు చట్టం చేశారు, 2007లో పెద్ద వాణిజ్య భవనాలకు కోడ్ రాశారు, 2018లో ఇళ్లకు ఎకో నివాస్ సంహిత తెచ్చారు. వాటిని మన ఎండలకు తగ్గట్టు సరిచేసి అమల్లోకి తేవలసింది రాష్ట్రం. ప్లాను చూసి, కట్టడం దగ్గరికి వెళ్లి, అవును కట్టారు అని సంతకం పెట్టవలసింది మీ మున్సిపాలిటీ. ఆ చివరి మూల పట్టుకున్నది నువ్వు.

నీకు ఏడేళ్లప్పుడు మన వెనక వీధిలో రేకుల ఇంట్లో ఒక దర్జీ కుటుంబం ఉండేది, గుర్తుందా? మే నెలలో ఆ రేకుల కింద కూర్చుని మిషన్ తొక్కలేక అతను తడిగుడ్డ తలకు చుట్టుకునేవాడు. ఒకనాడు నువ్వు ఎవరూ చెప్పకుండానే వాళ్ల చంటిపిల్లను చంకనేసుకొచ్చి మన వసారాలో చాప పరిచి పడుకోబెట్టి, విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నావు. అమ్మా నేనూ తలుపు చాటు నుంచి చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నీ పరీక్షల మార్కులన్నీ మరిచిపోయాను గానీ ఆ మధ్యాహ్నం మరిచిపోలేదు.

ఇది ఎందుకు తవ్వానంటే, ఆ కూల్ రూఫ్ విధానం ప్రకారం ఇళ్ల విషయంలో 600 గజాలకు పైబడిన స్థలానికే కూల్ రూఫ్ తప్పనిసరి, ఆ లోపు వాళ్ల ఇష్టం. 75 గజాల లోపు ఇంటికైతే 2020 భవన అనుమతుల చట్టం ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలంది. పేదవాడికి అది మేలే. కానీ ఆ ఇంటి ప్లాను నీ బల్ల మీదకు రాదు, ఆ రేకులు నీకు కనబడవు. ఎక్కువ ఉడికిపోయేది ఆ ఇళ్లే.

అందుకని నాన్న అడిగేది రెండే. పెద్ద భవనానికి మెట్లెక్కి, కప్పు మీద చెయ్యి పెట్టి చూడకుండా సంతకం పెట్టకు. ఎవరైనా విసుక్కుంటే నువ్వు విసుక్కోకు, నెమ్మదిగా చెప్పు. రెండోది, వారానికి ఒక సాయంత్రం రేకుల ఇళ్ల వీధికి వెళ్లు. చట్టం పేరు ఎత్తకుండా, ఒక ఇంటి కప్పు మీద తెల్లపూత వేయించి చూపించు. పక్కింటివాళ్లే వచ్చి అడుగుతారు.

వచ్చే ఆదివారం నువ్వు వస్తావని అమ్మ గోంగూర కోయించింది. ఆ దర్జీ ఇప్పటికీ ఆ రేకుల కిందే మిషన్ తొక్కుతున్నాడు. సున్నం నానేసి ఉంచుతాను, నిచ్చెన నువ్వు పట్టుకో.

నీ నాన్న