బ్యాటరీ కొనే ముందు డైనమోను చూడండి

ఫారడే నియమాన్ని మనమందరం పదో తరగతిలో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఆ నియమం మా ఇంటి ముందరే నిలబడి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా నాయన ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. దుక్కుల రోజుల్లో పొద్దున్నే సెల్ఫ్ తిరిగేది కాదు. నలుగురం నెట్టి స్టార్టు చేసేవాళ్లం. బ్యాటరీ పోయిందన్నారు. పత్తి అమ్మిన పైసలతో కొత్తది తెచ్చాం. నెల తిరగకముందే అదీ పడుకుంది. చివరికి మరిపెడలో ఒక ముసలి మెకానిక్ చూసి, "బ్యాటరీ మంచిగనే ఉంది బిడ్డా, దానికి తిండి పెట్టేదే పని చేస్తలేదు" అన్నాడు. డైనమోలో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అంతే!

అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట తిరిగితే విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనుగొన్నాడు. డైనమోలో తిరిగే చుట్టే ఆర్మేచర్. కమ్యూటేటర్, బ్రష్‌ల ద్వారా కరెంటు బయటికి వస్తుంది. రెగ్యులేటర్ వోల్టేజీని అదుపులో ఉంచుతుంది. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా కటౌట్ ఆపుతుంది.

12 వోల్టుల పాత ట్రాక్టరును ఈ వరుసలో పరీక్షించండి:

1. ఇంజను ఆపి ఫ్యాన్ బెల్టు నొక్కండి. అర అంగుళం కంటే బాగా ఎక్కువ దిగితే వదులైనట్టే. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు శుభ్రం చేసి బిగించండి.

2. డైనమో మీది డి, ఎఫ్ వైర్లు విప్పి, ఆ రెండు టెర్మినళ్లను ఒక తీగతో కలపండి. మీటరు ఒక కొన ఆ తీగకు, మరొకటి డైనమో బాడీకి పెట్టండి. ఇంజను స్టార్టు చేసి మెల్లగా వేగం పెంచండి. వోల్టేజీ ఆగకుండా 15 దాటితే డైనమో మంచిదే. 20 దాటనివ్వకండి.

3. అసలేమీ రాకపోతే బ్రష్‌లు, కమ్యూటేటర్ చూడండి. ఒక వోల్టు లోపే వస్తే ఫీల్డ్ చుట్టను, 4, 5 వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్‌ను అనుమానించాలి.

4. డైనమో బాగుండీ ఛార్జింగ్ లేకపోతే తప్పు వైర్లలోనో, కటౌట్ పెట్టెలోనో ఉంటుంది.

కమ్యూటేటర్‌ను పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవండి. దగ్గరలో నిప్పు ఉండకూడదు. వదులు బట్టలు, చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి. ఆల్టర్నేటర్ ఉన్న బండికి రెండో పరీక్ష చేయవద్దు, అందులోని డయోడ్లు కాలిపోతాయి.

ఆనాడు ఈ నాలుగు మెట్లు తెలిసి ఉంటే నాయన పైసలు మిగిలేవి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పుస్తకంలోని పాఠాన్ని ఒక్కసారి ట్రాక్టరు దగ్గర తెరవండి. చదువు ఇంటికి అక్కరకు వచ్చిన రోజు కలిగే సంతోషం ఏ మార్కులకూ తీసిపోదు.