కొరియా వెళ్తున్న చిట్టికి

పర్చూరు



వీసా వచ్చిందని అక్క ఫోన్ చేసింది. ఏడాదంటే చాలా కాలం అనిపిస్తోందేమో. సోల్‌లోని పెద్ద యూనివర్సిటీల భాషా కేంద్రాల్లో లెవెల్‌కి పది వారాలు, రోజుకు నాలుగు గంటల క్లాసు. మొత్తం ఆరు లెవెళ్లు. ఒక్కటీ తప్పకపోయినా ఏడాదికి నాలుగే అవుతాయి. అందుకే మొదటి రోజు నుంచీ నోట్సు తెలుగులో రాసుకో.

ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నా. నేనక్కడ చదువుకున్నప్పుడు ఇంగ్లీషు మాతృభాషగా వచ్చినవాళ్లు వాక్యాన్ని తిరగేసుకోడానికే నెలల తరబడి కుస్తీ పట్టారు. మనకా బాధ లేదు. 'చెల్లెలు గుంటూరులో మిరపకాయలు కొని ఇంటికి వచ్చింది' అన్న వాక్యాన్ని ఒక్క మాటా చోటు మార్చకుండా కొరియన్‌లో చెప్పొచ్చు. మన లో, కి, ని లాగే వాళ్ల విభక్తులూ మాట వెనకే అతుక్కుంటాయి. రుచి చూడమనాలంటే వాళ్లూ 'తిని చూడు' అనే అంటారు, 'మొగొ బ్వా' అని. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఇవన్నీ బట్టీ పట్టాల్సిన సూత్రాలు. తెలుగులోంచి నేరుగా వెళ్తే నీకు పుట్టుకతో తెలిసినవే.

లిపికి భయపడకు. సెజోంగ్ రాజు 1443లో తయారు చేసి 1446లో ప్రజలకిచ్చిన అక్షరాలు అవి. మూల అక్షరాలు ఇప్పుడు ఇరవై నాలుగే, వారంలో పట్టుబడతాయి. కష్టమంతా పలకడంలో ఉంది. చందమామ, కూతురు, వేషగాళ్లు ముఖానికి పెట్టుకునే మాస్కు, ఈ మూడు మాటలకూ కొరియన్‌లో తేడా మొదటి హల్లులోనే. మనం మామూలుగా 'తల్' అంటే వాళ్ల చెవికి 'కూతురు' అని వినిపిస్తుంది, ఎందుకంటే మన 'త' వాళ్ల బిగింపు అక్షరానికి దగ్గర. చందమామ కావాలంటే గొంతు దించి, కాస్త గాలి వదిలి పలకాలి. మాస్కుకైతే మన 'థ'లా బాగా ఒత్తాలి. ఈ మూడూ పొద్దున్నే అద్దం ముందు అనుకో.

పుట్టిన సంవత్సరం అడుగుతారు, తప్పుగా అనుకోకు. 2023 జూన్‌లో చట్టం వయసు లెక్క మార్చింది గానీ, ఎవరు పెద్దో తెలియకపోతే క్రియ చివర ఏం పెట్టాలో వాళ్లకూ తోచదు. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే. భోజనంలో పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే నువ్వెత్తు. ఏదైనా ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ రెండు చేతులూ వాడు.

సెలవుల్లో సోల్‌లోనే ఉండిపోకుండా దక్షిణాన సాన్‌చొంగ్ వెళ్లు. 1363లో రాయబార బృందంతో చైనా వెళ్లిన మున్ ఇక్‌జొం పత్తి గింజలు తెచ్చి, మామగారు జొంగ్ చొన్‌ఇక్‌తో కలిసి అక్కడే నాటాడు. గింజల్ని కుంచె గొట్టంలో దాచి తెచ్చాడనీ, వాటిలో ఒక్కటే బతికిందనీ చెప్పుకుంటారు. ఆ తర్వాతే సామాన్యుడి ఒంటికి నూలుబట్ట, చలికి దూది పరుపు దక్కాయి. పత్తి తీతకు వెళ్లిన చేతులున్న ఇంటి పిల్లవి, ఆ పొలం చూడకుండా రాకు.

మిరప సంగతి కూడా విను. అక్కడికీ అది సముద్రం దాటి వచ్చిందే. 1614 నాటి ఒక గ్రంథంలో జపాన్ నుంచి వచ్చిన దినుసుగా రాశారు. అంతకుముందు కిమ్చీ ఎర్రగా లేదు. వాళ్ల కారం గింజలు తీసి బరకగా కొట్టింది. మన తేజ మిర్చి ముందు తియ్యగానే ఉంటుంది.

నవంబరు చివర్లో చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టుకుంటారు, కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో గుర్తింపు పొందిన పని అది. ఎవరు పిలిచినా వెళ్లు. ఉప్పులో ఊరిన క్యాబేజీ రేకు రేకుకీ మధ్య కారం ముద్ద పూస్తూ గంటలు గంటలు కూర్చోవాలి. ఉప్పు రొయ్యల వాసన మొదట్లో గుప్పుమంటుంది. అక్కడి పెద్దావిడలు నీ కోసం నెమ్మదిగా మాట్లాడరు, ఇంగ్లీషు జోలికి రారు, ఇంకాస్త పూయమని కసురుతారు. క్లాసులో నెలకు వచ్చే కొరియన్ అక్కడ ఒక్క పూటలో చెవినపడుతుంది. పాత చొక్కా వేసుకుని వెళ్లు, గ్లవ్స్ మోచేతుల దాకా ఉండేవి అడుగు.

ఉత్తరాలు కొరియన్‌లోనే రాయి. దిద్ది పంపుతాను.

నీ పిన్ని