సంఘం లెక్కలు చూడవలసినది ఎవరు?

“లెక్కలు చూడడానికి ఇన్‌స్పెక్టరు గారున్నారు కదా” అని మహాజన సభలలో సభ్యులు అనడం మేము తరచు వింటుంటాము. డెన్మార్కు పాడి రైతు ఈ మాట ఎందుకు అనలేదో ఈసారి చూద్దాము.

ఆ దేశంలో రైతులు తొలి సహకార వెన్న కేంద్రాన్ని 1882లో జుట్లాండు పడమటి ప్రాంతంలో స్థాపించుకున్నారు. సహకార సంఘాలకంటూ ప్రత్యేక చట్టం లేదు. సభ్యులు వ్రాసుకున్న నిబంధనలే చట్టం. ఒక ఆవున్నా, ఇరవై ఆవులున్నా ఓటు ఒక్కటే. ఇంటి వాడకం పోగా పాలన్నీ సంఘానికే పోయాలి. వెన్న తీసిన పాలను తిరిగి తెచ్చుకుని పందులను మేపేవారు. అన్నిటికంటే ముఖ్యం, కేంద్రం కోసం తెచ్చిన అప్పుకు అందరిదీ ఉమ్మడి పూచీ. సంఘం మునిగితే అప్పులవాడు సభ్యుని గుమ్మంలోకే వస్తాడు. అటువంటి రైతు పద్దు పుస్తకం తెరవకుండా ఊరుకుంటాడా?

మన దేశంలో దారి వేరు. అప్పుల్లో ఉన్న రైతుల కోసం 1904లో ప్రభుత్వమే చట్టం చేసి, రిజిస్ట్రారును నియమించింది. సంఘం కంటే ముందే అధికారి వచ్చాడన్నమాట! ఆంధ్రప్రదేశ్ 1964 చట్టంలోనూ నమోదు, ఆడిట్, విచారణ, పాలక వర్గం రద్దు శాఖ చేతిలోనే ఉన్నాయి. ఇందులో మేలు లేకపోలేదు. పెద్ద రైతులు సంఘాన్ని సొంతం చేసుకోబోతే ఈ అధికారమే అడ్డుపడడం మేము చూశాము. 1995 చట్టం క్రింద నమోదైన సంఘాలు ప్రభుత్వ వాటా ధనం తీసుకోవు, ఆడిట్, ఎన్నికలు తామే జరిపించుకుంటాయి. అధికారి పాత్ర తగ్గింది గాని, సభ్యుని అలవాటు మారలేదు.

ఒక సంఘానికి మేము ఏటా వెళ్ళేవాళ్ళము. ఒక ఏడు చూస్తే ఎనిమిది నెలల స్థానిక అమ్మకం డబ్బు పద్దులో లేదు. ఊళ్ళో పాలు అమ్మడం రోజూ అందరూ చూస్తున్నదే. ఎవరూ అడగలేదు. మేము కనుగొనేసరికి కార్యదర్శి ఊరు విడిచాడు, ఆ ఏటి బోనసు పోయింది. ఏడాదికొకసారి వచ్చే మా కంటికి రోజూ జరిగేది ఎలా కనబడుతుంది?

కనుక సభ్యులు ఒక పని చేయవచ్చు. ఏదైనా ఒక పూట సేకరణ రిజిస్టరు మొత్తం తీసుకోండి. ట్రక్ షీటులోని లీటర్లు, స్థానిక అమ్మకం, శాంపిలు పాలు కూడి దానితో సరిచూడండి. కొద్దిపాటి తేడా కొలతలో వస్తుంది. వారం రోజులూ ఒకే వైపు తేడా వస్తుంటే, మా రాక కోసం చూడక మహాజన సభలో అడగండి.