చెరువు చేపలు, గాలపు వేట : రైతు తెలిసికొనవలసిన సంగతులు

మన ప్రాంతమున పైరు వానకు లోబడినట్లే చేపయు వానకు లోబడియున్నది. కడప జిల్లాలో ఏటా కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందు పెక్కుభాగము జూను మొదలు నవంబరు వరకు గల నెలలలోనే పడును. తక్కిన కాలమున పాపఘ్ని చాలమేర ఇసుకమేటగా నుండును. ఇడుపులపాయ, వేంపల్లె ప్రాంతపు కుంటలును, చెరువులును నానాటికి కుదించుకొనిపోయి, వేసవి ముదురునప్పటికి ఏ మూలనో యొక మడుగు మాత్రము మిగులును. ఆ మడుగున బ్రదికియున్న చేపలే రాబోవు సంవత్సరమునకు విత్తనము. ఎంత కరవు వచ్చినను తెలిసిన రైతు విత్తనపు గింజలను వండుకొని తినడు. ఆ వివేకమునే చేపల విషయమునను చూపవలెనని చెప్పుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

గాలమువలన మేలు

వలకు కన్ను లేదు. పెద్దదియు పిన్నదియు, గ్రుడ్లతో నున్నదియు లేనిదియు ఒక్కసారిగా గట్టెక్కును. గాలమునకైతే చేపలు ఒక్కొక్కటిగా చిక్కును. చిక్కిన దానిని చూచి, వలయునేని ఉంచుకొనవచ్చును, వలదనుకొన్నచో నీట విడువవచ్చును. తీరిక వేళ గట్టున గూర్చుండిన రైతునకు ఒక పూట కూరకు సరిపడు చేపలు దొరకును. చెరువునకు నష్టము కలుగదు. పరిగెలవంటి సన్న చేపలను ముండ్లతో గూడ నమలి తినినచో బిడ్డల ఎముకలకు వలసిన సున్నపు సత్తువయు సమకూరును.

పరికరములు

చిన్న చేపల వేటకు విశేషమైన ఖర్చు లేదు. రెండు నిలువుల పొడవుగల సన్నని వెదురుకర్ర, దానికి సరిపోవు తంగూసు, 10 లేక 12 నంబరు గాలము, దానికి జానెడు పైగా చిన్న సీసపు గుండు, బెండు – ఇంతే. గాలపు నంబరు పెరిగిన కొలది గాలము చిన్నదగునని కొనునప్పుడు జ్ఞాపకముంచుకొనవలెను. బెండునకు ఎండిన జొన్నదంటు లోని మెత్తని భాగము చాలును. సీసపు గుండు బరువునకు బెండు నిలువుగా నిలిచి, కొన మాత్రము నీటిపై కనబడునట్లు సరిచూచుకొనవలెను. బెండు మిక్కిలి పెద్దదైనచో చేప దాని బరువు నెరిగి ఎరను విడిచిపెట్టును.

ఎరకు పెంటదిబ్బల వద్ద తడినేలలో దొరకు వానపాములు శ్రేష్ఠములు. జెల్లలును, మట్టగిడసలును వీనిని ఆశతో మ్రింగును. శీలావతి, ఎర్రమోసు మొదలగు వానికి వేరుసెనగ చెక్కను నూరి, పిండితో కలిపి ముద్దచేసి గ్రుచ్చవలెను. కొరమీనునకు మిడుత మంచి ఎర. ఉదయమున ఎండ యెక్కకముందును, సాయంకాలము ఎండ వాలిన పిమ్మటను చేప మేతకు ఒడ్డునకు వచ్చును. నడియెండలో లోతునకు దిగును. కావున వేసవి మధ్యాహ్నమున గట్టున కూర్చుండుట వృథాశ్రమ.

జెల్లకు వీపునను, రెండు ప్రక్కలను గట్టి ముండ్లు గలవు. ఇంగిలాయి ప్రక్కముల్లు విషముగలది. గ్రుచ్చుకొన్నచో, చర్మము కాలనంత మాత్రపు వేడినీట ఆ భాగమును కొంతసే పుంచినయెడల బాధ తగ్గును. వాపు హెచ్చినచో వైద్యునొద్దకు పోవలెను. ఇట్టి చేపలను గుడ్డతో పట్టుకొని గాలము తీయుట మంచిది.

మూడు చేపలు – మూడు ధర్మములు

అన్ని చేపల జీవనమును ఒక్క తీరున నుండదు. కావున అన్నిటికిని ఒక్క నియమము పనికిరాదు.

మొదటిది జిలేబీ చేప. ఇది మన దేశపుది కాదు, ఆఫ్రికాలో పుట్టినది. 1952 లో భారతదేశమునకు తేబడినది. ఆడుచేప గ్రుడ్లను నోట పెట్టుకొని పొదుగును. పిల్లలు కొంత పెరుగువరకు ఆపద కలిగినప్పుడు తల్లి నోటిలోనే దూరును. ఇంత కాపుదల యుండుటవలన పిల్లలు విశేషముగా బ్రదుకును. రెండు మూడు నెలల వయస్సుననే మరల గ్రుడ్లు పెట్టగలదు. కుంటలో ఇవి క్రిక్కిరిసినచో మేత చాలక ఏ యొక్కటియు ఎదుగక, నాలుగు వ్రేళ్ల ప్రమాణముననే ముదిసిపోవును. తక్కిన చేపల మేతయు హరించును. కావున జిలేబీని ఎంత పట్టిన అంత మేలు. పిన్నవారికి గాలము నేర్పుటకు ఇంతకంటె తగిన చేప లేదు.

రెండవది కొరమీను. ఇదియు, దీని జాతిదే యగు మట్టగిడసయు నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు. నీరు ఇంకిపోవునప్పుడు తడిబురదలో దాగి కొంతకాలము ప్రాణము నిలుపుకొనగలవు. కరవు సీమకు తగిన చేపలన్న ఇవియే. ముఖ్యముగా వానకాలమున కొరమీను నాచు నడుమ గూడు చేసికొని గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు పిల్లలను కనిపెట్టుకొని తిరుగును. ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా నీటిమీద తేలుచుండగా క్రింద పెద్ద చేప కాచియుండును. అట్టి గుంపు కనబడినచోట గాలము వేయుట సులభము. ఏలయనగా పిల్లల మీదికి వచ్చిన దేనినైనను తల్లి కరచును. కాని అక్కడ ఒక్క చేపను పట్టినచో వెనుక మిగిలిన వందలకొలది పిల్లలు ఇతర చేపలకు ఆహారమగును. ఎర్రని గుంపు కనబడిన చోటునుండి కర్ర తీసికొని తొలగవలెను. ఇది మరువరాని నియమము.

మూడవది బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను పెంపుడు చేపల జాతి. ఇవి చెరువు నీట పెరుగునే గాని నిలువనీట గ్రుడ్లు పెట్టవు; పారునీటి వరదలలో పెట్టును. కావున చెరువున నుండు ఈ చేప దాదాపుగా ఎవరో పైకము పెట్టి విడిచినదే యగును. ఇట్టి పెంపకమునకు మన సీమలో పూర్వచరిత్ర గలదు. కడప వరకు నీరు తెచ్చు కర్నూలు–కడప కాలువ మొదలగు సుంకేసుల వద్దనే 1911 లో మద్రాసు ప్రభుత్వమువారు చేపల క్షేత్రము నెలకొల్పిరి. అప్పటికి చేపపిల్లలను నదులనుండి యేరి తేవలసియుండెను. 1957 జూలై 10 వ తేదీన ఒడిశాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురిగారు చేప మెదడు క్రింది గ్రంథి రసమును సూదిమందుగా నిచ్చి ఈ జాతిచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. నాటనుండి చేప విత్తనము గింజ విత్తనమువలెనే కోరినప్పుడు దొరకునదైనది. ఇట్లు కొని విడిచిన చేపను అనుమతిలేక పట్టుట పరుల చేని వెన్నులు కోసికొనుటవంటిదే.

చేప చెప్పు లెక్క

గాలపు వేట కూరకు మాత్రమే గాక, చెరువు స్థితిని తెలిసికొనుటకును ఉపయోగించును. చిన్న పుస్తకమున తేదీ, చేప పేరు, పొడవు వ్రాసికొనవలెను. ఇరువది చేపలు పట్టగా పదునెనిమిది జిలేబీలై, అన్నియు పిడికెడంతవే యైనవనుకొందము. అప్పుడా కుంటలో జిలేబీ క్రిక్కిరిసియుండవచ్చునని గ్రహించి, కొత్త పిల్లలను విడుచుటకు ముందు దానిని తగ్గించు ఉపాయము చూడవలెను. పలువిధములైన చేపలు పలు ప్రమాణములలో చిక్కినచో చెరువు ఆరోగ్యముగా నున్నదనవచ్చును. ఒక్కొక్క యెర ఒక్కొక్క చేపనే పిలుచును గనుక, ఎర మార్చి మార్చి చూచిన పిమ్మటనే ఇట్టి నిర్ణయము చేయవలెను.

చేయరాని పనులు

వేసవి మడుగులో మందు కలుపుట, తూటా ప్రేల్చుట, విద్యుత్తు తీగ వేయుట – ఈ మూడును ఘోరకృత్యములు. ఫ్రాన్సిస్ డే అను శాస్త్రజ్ఞుడు 1873 లో ప్రకటించిన నివేదికలోనే మన దేశపు మంచినీటి చేపలు మందులవలనను, సన్నకన్నుల వలలవలనను నశించుచున్నవని వ్రాసెను. 1897 సంవత్సరపు భారత మత్స్యచట్టము తూటాలతోను, విషముతోను చేపలను చంపుట నేరమని శాసించినది. చట్టము మాట అటుండ, పురుగులమందు పోసిన మడుగు నీటినే మన పశువులు త్రాగును. ఆ చేపనే మన బిడ్డలు తిందురు. విద్యుత్తు తీగ చేపను చంపుటకు ముందే పట్టువానిని చంపగలదు. తూటాకు చచ్చిన చేపలలో కొన్ని అడుగున పడి యెవరికిని దక్కవు. ఒక్కనాటి కూరకై మడుగులోని విత్తనమంతయు పోవును.

ఒక కుంట చేపను మరియొక కుంటకు తీసికొనిపోయి విడుచుటయు తగదు. జిలేబీ ఊరూర వ్యాపించుటకు ఇట్టి పనులును కారణము. వంక పారునప్పుడు లోతు తెలియని చోట దిగరాదు. బాలురను ఒంటరిగా పంపరాదు.

సంఘము చేయదగినది

మద్రాసు రాజధానిలో వ్యవసాయ పరపతి సంఘముల ఆవశ్యకతను 1895, 1897 సంవత్సరముల నివేదికలలో వివరించిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ గారే, తరువాత 1907 లో ఏర్పడిన మద్రాసు మత్స్యశాఖకు ఆద్యుడయ్యెను. అప్పునకు పరస్పరము పూచీ యుండుట యెట్లో, ఉమ్మడి నీటికిని పరస్పరము పూచీ యుండుట యట్లే. ఒక్కడు మడుగును కాపాడి పదుగురు మందు పోసినచో ప్రయోజనము లేదు. ఒకనివలన కాని యీ పని సంఘమువలన అగును.

కావున సభ్యులు వాన మొదలగుటకు ముందే సమావేశమై ఈ నాలుగు తీర్మానములు చేసికొనుట మంచిది. ఒకటి, వేసవి తుది మడుగున వల వేయక, గాలము మాత్రమే అనుమతించుట. రెండు, కొరమీను పిల్లల గుంపు కనబడిన చోట ఎవరును పట్టకుండుట. మూడు, తొలి వరదకు ఎదురెక్కు చేపలను వంకలకు అడ్డుకట్టి పట్టకుండుట. నాలుగు, మందుగాని తూటాగాని వాడినవాని సంగతి దాచకుండుట.

పార్నపల్లె వద్ద చిత్రావతి జలాశయము, జమ్మలమడుగు వైపున మైలవరము, గండికోట జలాశయములు మన చెరువులకంటె ఎక్కువకాలము నీరు నిలుపునవి. అచ్చట గాలము వేయదలచినవారు చేపల హక్కు ఎవరిదో మత్స్యశాఖ కార్యాలయమున ముందుగా విచారించుకొనవలెను. పంచాయతీ చెరువైనచో హక్కుదారును, లేక మత్స్యకారుల సహకార సంఘమును అడిగి అనుమతి పొందవలెను. వారి జీవనమే అది. మన సొంత కుంటలును, ఊరి మడుగులును మాత్రము మన చేతిలోనివి. వానిలో ఈ వేసవి మిగిల్చిన చేపలనుబట్టియే వచ్చు కార్తికమున మన పళ్లెమున కూర యుండునో లేదో తేలును.